రైఫిల్ ముందుభాగం చెక్క తీయకుండా బట్ విప్పొద్దు

పాత తుపాకులు, షూటింగ్ కప్పులు సేకరించేవాళ్ల కోసం వచ్చిన వ్యాసంలో, పాత లీ-ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ సైన్యం వాడిన రైఫిల్) కొనగానే బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) విప్పి, సాండ్‌పేపర్‌తో రుద్ది వార్నిష్ వేయమని రాశారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఈ రైఫిల్ మార్క్ 3 రకంలో బట్‌ను పట్టి ఉంచే పొడవాటి మర బోల్టు కొస నలుచదరంగా ఉండి, బ్యారెల్ కింద ఉండే ముందు చెక్క వెనకభాగంలోని చిన్న ఇనుప పలకలో దిగి ఉంటుంది. ఆ ముందు చెక్కను తీయకుండా మర బోల్టు తిప్పితే పలక కూడా తిరగబోతుంది, చెక్క నిలువునా చీలుతుంది. ఎంత మంచి రైఫిళ్లు ఇలా పాడవుతున్నాయో!

సాండ్‌పేపర్ పడితే చెక్క మీద ఇన్‌స్పెక్టర్లు తనిఖీ చేసి కొట్టిన ముద్రలు పోతాయి, మళ్లీ రావు. మురికి తుడిచి, పచ్చి అవిసె నూనె పలచగా చేత్తో రుద్ది, మర్నాడు మిగిలింది తుడిచేస్తే చాలు. నూనె గుడ్డల్ని ముద్దగా పడేయొద్దు, వాటంతటవే అంటుకోవచ్చు; పరిచి ఆరబెట్టండి.

రిసీవర్ (తుపాకీ నడిమి ఇనుప భాగం) మీది నంబరు, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు మీది నంబరు కలవకపోతే, హెడ్‌స్పేస్ గేజ్‌తో (బోల్టు మూసినప్పుడు తూటాకు ఉండే చోటు సరిగ్గా ఉందో చూసే సాధనం) చూపించకుండా పేల్చకూడదు. ఇషాపూర్ 2ఎ1 (ఇదే రైఫిల్‌కు మన దేశంలో తయారైన రకం) అయితే తూటా 7.62 ఎంఎం, మామూలు లీ-ఎన్‌ఫీల్డ్‌లా .303 కాదు. .303 మన దేశంలో నిషిద్ధ బోరు (మామూలు లైసెన్సు మీద ఇవ్వని తుపాకీ కొలత) కాబట్టి ఇదంతా ముఖ్యంగా బయట ఉన్న మనవాళ్ల కోసం.

ఇక షూటింగ్ పోటీల్లో ఇచ్చిన ఇంగ్లండ్ కప్పుల విషయానికొస్తే, నడుస్తున్న సింహం ముద్ర ఉంటే స్టెర్లింగ్, అంటే 92.5 శాతం వెండి. ఈపీఎన్‌ఎస్ అని ఉంటే వెండి పూతే. హాల్‌మార్క్‌లోని సంవత్సరాక్షరం (ముద్ర వేసిన ఏడాదిని తెలిపే అక్షరం), కప్పు మీద చెక్కిన పోటీ ఏడాది కన్నా తర్వాతిదైతే అనుమానించండి. పాలిష్ మాత్రం అతి వద్దు, విజేతల పేర్లు అరిగిపోతాయి.