రైలొచ్చాకా ఆగని పడవ, మొగ పూడాక ఆగింది

చెన్నైలో తిరుమయిలై స్టేషన్ కింద నల్లగా కదిలే నీరు బకింగాం కాలువ. ఒకప్పుడు నెల్లూరు సీమ నుంచి ఉప్పు, శ్రీహరికోట నుంచి సరుగుడు కట్టెలు పట్నానికి దిగిన దారి ఇదే. రైలు రావడంతో పడవలు పోయాయని చాలామంది తేల్చేస్తారు. మద్రాసు–బెజవాడ రైలు మార్గం 1899 నాటికే పూర్తయింది. ఆ తర్వాత కూడా అర్ధ శతాబ్దానికి పైగా ఇక్కడ పడవలు నడిచాయి. కట్టెలు, ఉప్పు, సున్నపు గుల్ల తొందరలేని సరుకులు, ధర తక్కువ, బరువెక్కువ. కాలువ ఉప్పుమడుల పక్కనుంచే, తోటల పక్కనుంచే పోయేది కాబట్టి స్టేషన్ దాకా బండి కట్టే ఖర్చు ఉండేది కాదు.

1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైన తవ్వకం క్రమంగా ఉత్తరాన పెదగంజాం, దక్షిణాన మరక్కాణం దాకా సాగింది. పొడవు సుమారు 420 కిలోమీటర్లు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలవడంతో కృష్ణా, గోదావరి డెల్టాల మీదుగా కాకినాడ దాకా నీటిదారి ఏర్పడింది. అడయారు, కూవం నదుల మధ్య సుమారు 8 కిలోమీటర్ల ముక్కను మాత్రం 1877-78లో ధాత కరువు పనిగా తవ్వించారు. ఆకలితో ఉన్నవాళ్ల చేతులు తవ్విన ఆ ముక్కే ఇవాళ అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నది.

ఈ కాలువకు ప్రాణం ఆటుపోట్లు. చెన్నై తీరంలో పెద్ద పోటుకు కూడా నీరు దాదాపు మీటరే లేస్తుంది. ఆ మీటరు లోపలికి రావాలంటే నదుల మొగలు, అంటే అవి సముద్రంలో కలిసే చోట్లు, తెరిచి ఉండాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడి కెరటాలు ఇసుకను ఉత్తరానికి నెడతాయి. హార్బరు గోడలు కట్టాక ఆ ఇసుక వాటికి దక్షిణాన ఆగిపోయి మెరీనా వెడల్పయింది, దాన్ని ఆనుకున్న కూవం మొగ పూడుతూ వచ్చింది.

నది కాలువను దాటే చోట్ల లాకులు ఉండేవి. పోటు నీరు లోపలికొచ్చాక తలుపులు మూస్తే, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలోనూ పడవకు లోతు నిలిచేది. వరదప్పుడు మూస్తే నది ఒండ్రు కాలువలోకి చొరబడేది కాదు. తలుపులు పాడై, మరమ్మతు ఆగితే రెండూ పోతాయి: నీరు జారిపోతుంది, మేట మిగులుతుంది. పైగా 1960, 70ల తుపాన్లు గట్లను తెంపాయి. అదే కాలంలో లారీలు పెరిగాయి, పొయ్యిల్లో కట్టెల వాడకం తగ్గింది. మోయడానికి సరుకు తగ్గిన కాలువకు మరమ్మతు డబ్బు అడిగేవాళ్లే లేకపోయారు.

చివరి దెబ్బ నగరానిదే. మురుగు వదలడం చాలదన్నట్టు, చేపాక్ నుంచి తిరువాన్మియూరు వైపు ఎలివేటెడ్ రైలు స్తంభాలను కాలువలోనే నిలబెట్టారు. భూసేకరణ ఖర్చు తప్పింది నిజమే. కానీ స్తంభాల మధ్య బురద చేరింది, పూడిక తీసే యంత్రం తిరగడానికి చోటు తగ్గింది, వానాకాలంలో నీరు సాగే దారి ఇరుకైంది. ఈ నష్టాన్ని రైలు ఖర్చులో ఎవరూ కలపలేదు.

2008లో కాకినాడ–పుదుచ్చేరి దారిని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. దీన్ని నిజంగా బతికించాలంటే పని వరస మారాలి. ముందు మొగల దగ్గర ఇసుక తీయాలి, అదీ ఏటా. తర్వాత లాకులు, ఆపైనే పూడిక. తీసిన బురదను గట్టు మీదే పోస్తే మొదటి వానకే మళ్లీ కాలువలో పడుతుంది, నగరంలోని మురుగు బురదనైతే విడిగా తరలించక తప్పదు. చెన్నై నడిబొడ్డు ముక్కను సరుకు లెక్కలోంచి తీసేసి వరద నీటి దారిగా బాగుచేయాలి. పడవల ఆశ పెట్టుకోదగ్గది ఎన్నూరుకు ఉత్తరాన పులికాట్ వైపు. అక్కడ కూడా ముందు ఎన్నూరు క్రీక్‌లో పేరుకున్న థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదను తీయించాలి.