తొక్క ఊడని ‘కొత్త’ బంగాళదుంప

బెంగళూరు మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో కూరగాయలు కొనేటప్పుడు మా అమ్మకు ఒక అలవాటుంది. ‘కొత్త గడ్డ’ అని అమ్మే బుట్టలోంచి ఒకటి తీసి, బొటనవేలు ఆనించి పక్కకు నెడుతుంది. తొక్క ఉల్లిపొరలా చిరిగి కింద తడి మెరిస్తే కొంటుంది. లేకపోతే తిరిగి బుట్టలో పెట్టేస్తుంది. ఈ మధ్య పెట్టేయడమే ఎక్కువైంది.

మాది చింతామణి దగ్గర పల్లె. దీన్ని మేము ఉర్లగడ్డ అంటాం. కోస్తా నుంచి వచ్చిన పక్కింటివాళ్లు బంగాళదుంప అంటారు, పై అంతస్తులోని హైదరాబాద్ వాళ్లు ఆలుగడ్డ అంటారు. పేర్లు మూడైనా బెంగళూరు తెలుగు ఇళ్లలో వినబడే మాట ఒకటే: కొత్త గడ్డకు వెనకటి రుచి లేదు. పెద్దవాళ్లకు చిన్ననాటిదంతా రుచిగానే తోస్తుందని నేనూ చాలాకాలం ఆ మాట పట్టించుకోలేదు. ఇప్పుడు అమ్మ చెప్పిందే నిజమని నమ్ముతున్నాను. ఆ రుచిలో కొంత చేలోనే తగ్గింది. ఎక్కువ భాగం మాత్రం తవ్విన రోజుకూ వండిన రోజుకూ మధ్య పోతోంది.

ముందు కొత్త గడ్డ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మొక్క ఇంకా పచ్చగా ఉండగా, గడ్డ పూర్తిగా ముదరకముందే తవ్వితే అది కొత్తది. ఆకుల నుంచి దిగిన చక్కెర అప్పటికి పూర్తిగా పిండిగా మారి ఉండదు. అందుకే ఆ లేత తీపి, ఉడికినా విచ్చిపోకుండా నిలిచే ఆ మెత్తదనం. నిల్వకు పనికొచ్చే పంట కావాలంటే రైతు మరోలా చేస్తాడు. తవ్వడానికి పది పదిహేను రోజుల ముందే మొక్కల పైభాగం కోసేసి, గడ్డను నేలలోనే ఉంచి తొక్క ముదరనిస్తాడు. అది లారీ కుదుపులకు తట్టుకుంటుంది, నెలల తరబడి చెడదు. కూరకు చక్కగా పనికొస్తుంది. దాన్ని కొత్త గడ్డ అని అమ్మడమే తప్పు.

సెప్టెంబరులో యశవంతపుర మార్కెట్ యార్డు చూడండి. హాసన్ రైతులు మే, జూన్ వానలకు విత్తిన గడ్డ ఆగస్టు నుంచి అక్కడికి చేరుతుంది. దాని పక్కనే ఆగ్రా వైపు నుంచి వచ్చిన బస్తాలుంటాయి. అవి ఫిబ్రవరి, మార్చిలో తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెట్టినవి. అంటే వాటికి అప్పటికే ఆరు నెలల వయసు. యార్డులో వ్యాపారికి రెండింటికీ తేడా తెలుసు. వీధి చివరి బుట్టలోకి వచ్చేసరికి రెండూ కలిసిపోయి ఒకే పేరుతో అమ్ముడుపోతాయి.

కోల్డ్ స్టోరేజీలో రెండు నుంచి నాలుగు డిగ్రీల చలి ఉంటుంది. ఆ చలికి మొలక రాదు కానీ, గడ్డలోని పిండి మెల్లగా చక్కెరగా మారుతుంది. ఇది లేత గడ్డ తీపి కాదు. నోటికి చప్పగా మొదలై చివర్లో తగులుతుంది. నూనెలో వేస్తే లోపల ఉడకకముందే అంచులు నల్లబడతాయి. చిప్స్ తయారుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే తమ గడ్డలను పది పన్నెండు డిగ్రీల దగ్గర వేరుగా నిల్వ చేయించుకుంటారు, ఇరవై శాతానికి తగ్గకుండా పొడి పదార్థం (గడ్డలో నీరు పోగా మిగిలేది) ఉన్న రకాలనే కోరుకుంటారు. వేపుడు ప్యాకెట్ కోసం ఇంత పట్టింపు ఉంటే, మన ఇంటి కంచంలోకి వచ్చే గడ్డ గురించి అడిగేవాళ్లే లేరు.

పోయిన ఏడాది మా చిన్నాన్న కొడుకు తెల్లవారుజామున తవ్విన గడ్డలు సంచిలో వేసుకుని చింతామణి నుంచి మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చాడు. అదే రోజు వీధి చివర ‘కొత్తవి’ అని అమ్ముతున్నవీ ఒక కిలో కొన్నాను. రెండు గిన్నెలు, ఒకే కొలత నీళ్లు, ఒకే కొలత ఉప్పు, తొక్కతోనే ఉడికించాం. చేను గడ్డల గిన్నె మూత తీయగానే వాన తగిలిన మట్టిలాంటి వాసన వంటగదంతా కమ్ముకుంది. రెండో గిన్నెలోంచి ఆవిరి తప్ప ఏమీ రాలేదు. అమ్మకు ఏది ఏదో చెప్పకుండా రెండు పళ్లేల్లో పెట్టాం. ఒక్కో ముక్క నోట్లో వేసుకుని చేను గడ్డ పళ్లేన్ని దగ్గరికి లాక్కుంది.

అసలు విషయం ఆ తర్వాత తెలిసింది. మిగిలిన చేను గడ్డల్లో సగం ఫ్రిజ్‌లో, సగం చీకటి మూలన వెదురు బుట్టలో పెట్టాను. వారం గడిచాక మళ్లీ ఉడికించాం. బుట్టలోవి కొంత తగ్గినా గుర్తుపట్టేలా ఉన్నాయి. ఫ్రిజ్‌లోవి అచ్చం ఆ రోజు బజారు గడ్డలే. ఒకే చేను, ఒకే రోజు తవ్వినవి. ఏడు రోజుల చలికే అంత తేడా వస్తే, ఆరు నెలల చలికి ఏమవుతుందో వేరే చెప్పాలా!

అయితే మొదటి రోజే అమ్మ ఇంకో మాట అంది. “బాగుంది కానీ, నీళ్లు ఎక్కువ తాగింది.” గడ్డలు తెచ్చిన తమ్ముడు ఒప్పుకున్నాడు. ముందు రోజు సాయంత్రం దాకా డ్రిప్పు నడిచిందట. యూరియా కూడా గట్టిగానే వేశాడట. చేలో తగ్గిన రుచి ఇదే. తవ్వే ముందు వరకూ నీరు పారితే, నత్రజని మోతాదు మించితే గడ్డ ఊరుతుంది, బరువు తూగుతుంది, లోపల పొడి పదార్థం తగ్గుతుంది. రకాల సంగతీ ఇలాంటిదే. సిమ్లాలోని కేంద్రీయ బంగాళదుంప పరిశోధన సంస్థ 1968లో విడుదల చేసిన కుఫ్రీ జ్యోతిని మన కర్ణాటక రైతులు దశాబ్దాలుగా నమ్ముకున్నారు. లేట్ బ్లైట్ తెగులును తట్టుకోవడమే అప్పట్లో దాని మొదటి గుణం. 1998లో వచ్చిన కుఫ్రీ పుఖ్రాజ్ త్వరగా ఊరుతుంది, దిగుబడి దండిగా ఇస్తుంది, పొడి పదార్థం మాత్రం తక్కువ. ఉత్తరాది మైదానాల్లో అది విరివిగా పండుతోంది.

దీనికి రైతును తప్పుపట్టడం నాకు చేతకాదు. వెయ్యి అడుగుల బోరు వేసి, జలంధర్ నుంచి విత్తనం తెప్పించి, తెగులు వస్తే చేనంతా పోతుందని భయపడుతూ పండించేవాడికి మార్కెట్ తూకానికే డబ్బిస్తుంది. రుచికి పైసా ఇవ్వదు.

పేరుంటే ఇస్తుంది. ఊటీ గడ్డ అంటే బెంగళూరులోనూ చెన్నైలోనూ రెండు రూపాయలు ఎక్కువ పెట్టి కొంటాం కదా. ఫ్రాన్స్ తీరం దగ్గరి జెర్సీ ద్వీపంలో 1880 ప్రాంతంలో ఒక రైతు చేతిలో మొదలైన జెర్సీ రాయల్ అనే కొత్త గడ్డకు చట్టపరమైన పేరు రక్షణే ఉంది. ఆ పేరుతో మరో ఊరి గడ్డ అమ్మడానికి వీల్లేదు. సముద్రపు నాచు ఎరువుగా వేయడం తగ్గాక రుచి పోయిందని అక్కడి పెద్దవాళ్లూ అంటారు. కానీ వాళ్లకు ఊరి పేరైనా మిగిలింది. ఏ ఊరి గడ్డ, ఏ రకం, ఎప్పుడు తవ్వారు అన్న మూడు మాటలు మన బుట్టల మీద కనిపిస్తే చాలు, రుచిగా పండించే రైతుకు బేరమాడే బలం వస్తుంది. దానికి కొత్త సాంకేతికత అక్కర్లేదు, ఒక పలక, ఒక సుద్దముక్క చాలు.

జ్ఞాపకం రుచిని పెంచి చూపుతుందన్న మాట కొట్టిపారేయను. ఏడాదిలో కొన్ని వారాలే దొరికేది నాలుకకు గుర్తుండిపోతుంది, ఏడాది పొడవునా దొరికేది గుర్తుండదు. కానీ ఆ రోజు మా ఇంటి రెండు గిన్నెల మధ్య ఉన్న తేడా జ్ఞాపకం కాదు. దాన్ని పదేళ్ల మా అమ్మాయి కూడా కనిపెట్టింది.

అప్పటి నుంచి అమ్మ బుట్టల దగ్గర వచ్చీరాని కన్నడంలో “ఎప్పుడు తవ్వారు?” అని అడుగుతోంది. మొదట్లో అమ్మేవాళ్లు వింతగా చూసేవారు. పోయిన వారం ఒకావిడ ఎవరికో ఫోను చేసి కనుక్కుని, “చిక్కబళ్లాపురవి, మొన్న తవ్వారు” అంది. అమ్మ తలూపింది, అయినా ఒకటి తీసి బొటనవేలు ఆనించింది. తొక్క ఊడింది. రెండు కిలోలు తీసుకున్నాం.