అగస్త్యుడికి అడ్డంగా కట్టిన వేదిక

హైదరాబాదులోని ఖగోళ ఔత్సాహికులు ఏటా డిసెంబరు అమావాస్య దరిదాపుల్లో జరుపుకునే నక్షత్ర వీక్షణ శిబిరానికి గత మూడేళ్ళుగా షికాగోలోని మన సంఘం చేయూతనిస్తున్న సంగతి సభ్యులందరికీ తెలుసు. బస్సులు, భోజనాలు మనవి. టెలిస్కోపులు, ఓపిక వారివి. నిరుడు వికారాబాద్ దాటాక ఒక మామిడితోట పక్కన బీడు పొలంలో జరిగిన శిబిరానికి నేనూ వెళ్ళాను. అక్కడ జరిగినదాన్ని పత్రికకెక్కించకూడదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను గానీ, ఈ ఏటి కార్యక్రమ పత్రంలో కూడా 'రాత్రి 9 గంటలకు జ్యోతి ప్రజ్వలన, దాతలకు సత్కారం' అన్న వరుస చూశాక ఊరుకోలేకపోయాను.

ఆ సాయంత్రం మా మేనత్తను కూడా వెంట తీసుకువెళ్ళాను. ఆమెకు ఎనభై దాటాయి, రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. చలికి చెవులకు మఫ్లరు చుట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడితే, టార్చికి ఎర్రటి గాజు కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసుకున్న ఒక యువకుడు ఆమె దగ్గరకు తన 8 అంగుళాల డాబ్సోనియన్ (సాదా పీఠం మీద తిరిగే అద్దపు) టెలిస్కోపును జరిపాడు. అందులోని అద్దాన్ని నెలల తరబడి తన చేతులతోనే అరగదీసుకున్నాడట. "బామ్మగారూ, గొట్టం పట్టుకోకుండా చూడండి" అని అతను చెబుతూనే ఉన్నాడు, ఆమె పట్టుకుంటూనే ఉంది. అతను విసుక్కోకుండా మళ్ళీ సరిచేస్తూనే ఉన్నాడు. చూపు కుదిరాక మృగవ్యాధుడి (ఒరాయన్) నెబ్యులా, 1,300 కాంతి సంవత్సరాలకు పైబడిన దూరాన ఉన్న ఆ వాయుమేఘం, ఆమెకు కనిపించింది. "పాలు విరిగినట్టుంది" అంది. తరువాత కన్ను తీసి, తూర్పున దాదాపు నిలువుగా లేచి ఉన్న మూడు చుక్కల వైపు చెయ్యి చాపి, "అది గొల్లకావడి బాబూ. దానికి పైన గుంపుగా ఉన్నది పిల్లలకోడి. మా నాయన వాటిని చూసే రాత్రి ఎంతయిందో చెప్పేవాడు" అంది. ఆ మూడింటినీ అల్నితక్, అల్నిలమ్, మింతక అని, ఆ గుంపును ప్లయడీస్ అని మాత్రమే నేర్చుకున్న ఆ యువకుడు జేబులోంచి పుస్తకం తీసి, ఎర్రని వెలుగులో 'పిల్లలకోడి' అని తెలుగులో రాసుకున్నాడు. నా కూతురు తన నాయనమ్మ వరస మనిషిని మొదటిసారి ఏదో అడగడానికి నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే జనరేటరు మోగింది, వేదిక మీద ఫ్లడ్‌లైట్లు వెలిగాయి.

చీకటికి కన్ను సరిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుందని, అది చెడడానికి మాత్రం ఒక్క తెల్లని వెలుగు చాలునని ఆ సాయంత్రమే నిర్వాహకులు అందరికీ వివరించి ఉన్నారు. అంతా విన్నాము, తలలూపాము. ఆ తరువాత గంటన్నరకు పైగా జ్యోతి, ప్రార్థన గీతం, శాలువాలు, జ్ఞాపికలు, పేర్లు, మళ్ళీ పేర్లు. శిబిరానికి వచ్చిన అందరిలోనూ పెద్దావిడ అంటూ అత్తయ్యను కూడా పైకి పిలిచి శాలువా కప్పారు. చలికి పనికొచ్చిందని ఆమె అన్నమాట నిజమే, దాచను. కిందకు దిగేసరికి ఆ యువకుడు గొట్టానికి మూత వేసి, "ఈ వెలుతురులో ఇంకేం కనిపించదు సార్" అని కారులోకి సర్దుకుంటున్నాడు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించినది మాత్రం వేదికను కట్టిన దిక్కు. దాన్ని పొలానికి దక్షిణపు అంచున కట్టారు. డిసెంబరు చివరి వారంలో అగస్త్య నక్షత్రం రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఆగ్నేయాన ఉదయించి, అర్ధరాత్రికి నేరుగా దక్షిణాన, హైదరాబాదు అక్షాంశం నుంచి చూస్తే 20 డిగ్రీల ఎత్తుకు మాత్రమే వస్తుంది. రాత్రి ఆకాశంలో లుబ్ధకుడి (సిరియస్) తరువాత అంత కాంతిగల తార మరొకటి లేదు. మేముండే షికాగోలో అది ఏడాది పొడుగునా ఒక్కరాత్రి కూడా ఉదయించదు. అక్కడ ధ్రువనక్షత్రం 42 డిగ్రీల ఎత్తున ఉంటే ఇక్కడ 17 డిగ్రీలకు దిగుతుంది, ఆ మేరకు దక్షిణాకాశం మనకు తెరుచుకుంటుంది. వింధ్యపర్వతాన్ని వంచి, నేను తిరిగి వచ్చేదాకా ఇలాగే ఉండమని చెప్పి, దక్షిణానికి పోయి మరి రానివాడి పేరు ఆ నక్షత్రానిది. (డాలర్ల దేశానికి వెళ్ళేటప్పుడు రెండేళ్ళలో వచ్చేస్తామని చెప్పిన మనలో చాలామందికి ఈ కథ కొంచెం గుచ్చుకోవాలి.) దాన్ని నా కూతురికి చూపించాలనే ఆమెను అంతదూరం తీసుకొచ్చాను. పదిన్నరకు అది ఉండవలసిన చోట మన సంఘం బ్యానరు ఉంది. పదకొండింటికి బస్సులు కదిలాయి.

ఇందులో నా పాలు కూడా ఉంది. జనరేటరు ఖర్చుకు ఆమోదం తెలిపిన ఉపసంఘంలో నేనొకణ్ణి. దాతలను గౌరవించకపోతే మరుసటి ఏడు బస్సులు రావన్న కోశాధికారి వాదనను కొట్టిపారేయలేను. మన డబ్బు లేకపోతే ఆ రాత్రి వచ్చిన ప్రభుత్వ పాఠశాల పిల్లలు వచ్చేవారు కారు. అలాగే స్వదేశపు అలవాట్లన్నిటినీ నెత్తిన పెట్టుకోమనీ అనడం లేదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా హైదరాబాదు పక్కనుంచే వెళ్ళింది. ఊరికి 55 కిలోమీటర్ల దూరంలోని జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలిస్తూ ఉంటే, అమీర్‌పేటలో మా పిల్లలందరినీ గదిలో పెట్టి గడియ వేసి, ఊరగాయ జాడీల మీద దర్భలు పరిచినది ఇదే మేనత్త. ఆ రోజు ఆమెను తలుచుకుంటే నాకు కోపమే రావాలి, రాదు. ఆ ఇంటికి దగ్గరలోనే, నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల ఉండేదనీ, అంతర్జాతీయ తారాపట్టికలో హైదరాబాదు వాటాకు వచ్చిన లక్షల నక్షత్రాల స్థానాలను అక్కడే కొలిచారనీ మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వారికీ తెలియదు. అయినా ఆకాశాన్ని పేరుపెట్టి పిలవడం ఆ ఇంట్లోవారికి వచ్చు. మనకు రెండూ పోయాయి. షికాగోలో మన పెళ్ళిళ్ళకు పురోహితుడు పగటిపూట హోటలు పైకప్పులోని స్ప్రింక్లరును చూపించి అరుంధతి అంటాడు, మనం చూశామంటాము.

కనుక కార్యవర్గాన్ని కోరేది ఇంతే. జ్యోతి ప్రజ్వలన సూర్యాస్తమయానికి ముందే, అయిదున్నర లోపల పూర్తి చేయండి. దీపం అప్పుడు కూడా వెలుగుతుంది. సత్కారాలు మరునాటి మధ్యాహ్నం నగరంలో భోజనాల దగ్గర జరపండి, దాతల పేర్లు ఎంతసేపు చదివినా అక్కడ ఎవరి కన్నూ చెడదు. పొలంలోకి జనరేటరు రానివ్వకండి. దక్షిణం వైపు ఏమీ కట్టకండి. బస్సులను ఒంటిగంట దాకా ఆపండి. ఒక్కో టెలిస్కోపు పక్కన ఒక పెద్దవారికి కుర్చీ వేసి, తమ ఊళ్ళో ఏ చుక్కను ఏమనేవారో చెప్పనివ్వండి.

అత్తయ్యను అడిగాను. ఈసారి కూడా వస్తానంది. మైకు వద్దని, చేతులున్న కుర్చీ అయితే లేవడానికి వీలుగా ఉంటుందని, పుస్తకంలో రాసుకున్న ఆ అబ్బాయి వస్తాడో లేదో ముందే కనుక్కోమని చెప్పింది.