సవరణ: పడమటి వాలు ప్యానెళ్లు దండగ కాదు

ఒంగోలులో ఇంటిమీద సోలార్ పెట్టించుకునేవాళ్ల కోసం మొన్న రాసిన పోస్టులో "పడమటి వాలు (ప్యానెళ్లను పడమర వైపు వంచి పెట్టడం) దండగ" అన్నాను. అది తప్పు. యూనిట్లే లెక్కపెట్టాను, కరెంటు విలువ చూడలేదు. ఒక విద్యుత్ ఇంజినీరు చెప్పాక పాఠ్యపుస్తకాల్లో సరిచూసుకున్నాను.

ఒంగోలు అక్షాంశం దాదాపు 15.5 డిగ్రీలు; ప్యానెళ్ల వాలు దాదాపు అక్షాంశమంత ఉంటే మేలు. కాబట్టి ఏడాది మొత్తానికి ఎక్కువ యూనిట్లు కావాలంటే దక్షిణానికి సుమారు 15 డిగ్రీల వాలు సరైనదే. కానీ అందరి ప్యానెళ్లూ మధ్యాహ్నమే దండిగా ఇస్తే అప్పుడు గ్రిడ్‌లో (అందరికీ కరెంటు చేరవేసే లైన్ల వ్యవస్థలో) కరెంటు చౌకవుతుంది. సాయంత్రం వాడకం పెరిగి ధర ఎక్కుతుంది. పడమటి వాలు మొత్తమ్మీద కొంత తక్కువ ఇచ్చినా, పొద్దు వాలే వేళ ఎక్కువ ఇస్తుంది. సూర్యుడి వెంట తిరిగే ట్రాకర్ అయితే పొద్దున, సాయంత్రం రెండూ పెంచుతుంది.

వేళను బట్టి రేటు మారని ఇంటి మీటరుకు మాత్రం దక్షిణమే మేలు.