హపోన్ అనే ఇంటిపేరుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ హపోన్ గారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. స్పెయిన్ దేశంలో సెవిల్ నగరానికి దిగువన, గ్వాదల్కివీర్ నది ఒడ్డున ఉన్న కోరియా దెల్ రీయో పట్టణంలో తమరు దాదాపు నాలుగు వందల ఏళ్లుగా పుత్రపౌత్రాభివృద్ధిగా కాపురం చేస్తున్నారని తెలిసి, అభినందించడానికీ, పనిలో పనిగా కొన్ని సందేహాలు తీర్చుకోవడానికీ ఈ లేఖ రాస్తున్నాను. (ఊరి పేరు చూసి పాఠకులు ఆసియా పటం తెరవనక్కరలేదు. ఆ కొరియాకూ ఈ కోరియాకూ చుట్టరికం లేదు. ఆసియాతో చుట్టరికాల వ్యవహారమంతా తమరొక్కరే చూసుకుంటున్నారు.) సుమారు ముప్పై వేల జనాభా ఉన్న ఆ ఊళ్లో ఆరేడు వందల మంది తమర్ని మోస్తున్నారు. అదే దేశంలో గార్సియా అనే ఇంటిపేరుగలవారు పధ్నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. నడివీధిలో నిలబడి "గార్సియా గారూ" అని పిలిస్తే వీధి వీధంతా వెనక్కి తిరుగుతుంది. తమర్ని పిలిస్తే కోరియా పొలిమేర దాటాక తిరిగి చూసే నాథుడు దొరకడం కష్టం. తమరి దర్జాకు ఇదొక కారణమని నా అనుమానం.

తమరి అర్థం కోసం పండితులను ఆశ్రయించే అవసరం లేదు. స్పెయిన్ వారు తమరి మొదటి అక్షరాన్ని "హ" అని పలుకుతారు కనుక నోట హపోన్ అయ్యారు గానీ, రాతలో తమరు సాక్షాత్తూ జపాన్. తక్కిన ఇంటిపేర్ల పాట్లు చూడండి. ఒకటి ఏ కాలంలోనో కమ్మరి కొలిమి దగ్గర పుట్టింది, ఒకటి ఎవరి తాత పేరునో పట్టుకుని వేలాడుతోంది, ఒకటి తన అర్థమేమిటో తానే మరిచిపోయింది. అటువంటి పేర్లవారి ఊరట కోసమే స్పెయిన్ పర్యాటక దుకాణాల్లో ఏ ఇంటిపేరు చెప్పినా దానికొక సింహాన్నో బురుజునో తగిలించిన కులచిహ్నాన్ని దళసరి కాగితం మీద అచ్చువేసి, కింద నాలుగు వాక్యాల వీరగాథ జోడించి, చుట్టచుట్టి చేతిలో పెడతారు. తమరికి ఆ ఖర్చు లేదు. ఒక దేశానికి దేశమే తమరి కులచిహ్నం.

అయితే మహాశయా, జపాన్‌లో ఉన్నంతకాలం ఎవరినీ జపాన్ అని పిలవరు. మా తెలుగునాట కూడా చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. కొండవీట్లో ఉన్నవాడిని ఎవరూ కొండవీటివాడు అనరు. వాడు మూటాముల్లె సర్దుకుని మరో ఊరు చేరినప్పుడే ఆ పేరు వాడికి అంటుకుంటుంది. ఊరి పేరు ఇంటిపేరయిందంటే, పూర్వీకుడు ఆ ఊరు విడిచి వచ్చాడనడానికి అదే దస్తావేజు. తమరి పూర్వీకులు విడిచినది ఊరూ కాదు, పరగణా కాదు, ఏకంగా ద్వీపసమూహం.

ఆ కథ తమరికి కంఠతా వచ్చునని తెలుసు, తమరి ఊళ్లో పసిపిల్లలకూ వచ్చు. మా వాళ్ల కోసం చెబుతాను. ఉత్తర జపాన్‌లోని సెందాయ్ ప్రభువు దాతె మసమునె 1613లో ఓడ కట్టించి, హసెకురా త్సునెనగా అనే సమురాయ్‌ని రాయబారిగా పంపాడు. సెవిల్‌లోనే పుట్టిన లూయిస్ సొతేలో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ బృందానికి మార్గదర్శి. వారు పసిఫిక్ దాటి అకపుల్కోలో దిగి, మెక్సికోను అడ్డంగా దాటి, మళ్లీ అట్లాంటిక్ మీద ఓడెక్కి, 1614 అక్టోబరులో గ్వాదల్కివీర్ ముఖద్వారాన ఉన్న సాన్ లూకార్ రేవులో అడుగుపెట్టారు. అక్కడి నుంచి నదికి ఎదురెక్కి, సెవిల్‌లో ఊరేగింపుకు ముందు బట్టలు సర్దుకోవడానికి ఆగిన చోటు కోరియా. తమరి చరిత్రకంతటికీ మూలం ఆ మజిలీ.

రాయబారి దౌత్యం మర్యాదల విషయంలో దిగ్విజయం, పని విషయంలో శూన్యం. 1615 ఫిబ్రవరి 17న మాడ్రిడ్‌లో రాజు మూడవ ఫిలిప్ సమక్షంలో ఆయన బాప్తిస్మం పుచ్చుకుని ఫెలిపె ఫ్రాన్సిస్కో అయ్యాడు. రోములో పోప్ ఐదవ పాల్ దర్శనమిచ్చాడు, ఆ నగర సభ పౌరసత్వ పత్రం రాసిచ్చింది. అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మెక్సికోతో వర్తకానికి అనుమతి అనే అసలు కోరిక మాత్రం చివరిదాకా తీరలేదు. రోముకు పోతూ దారిలో ఫ్రాన్స్ తీరాన సాన్ త్రొపేలో ఆగినప్పుడు అక్కడివారు రాసిపెట్టుకున్న ముచ్చట ఒకటుంది: ఈ జపాను దొరలు అరచేతి మేర ఉన్న మెత్తటి కాగితంతో ముక్కు చీది, ఒకసారి వాడినదాన్ని మళ్లీ వాడక నేల మీద పారవేసేవారట, చుట్టూ చేరిన జనం ఆ కాగితాల కోసం ఒకరి మీద ఒకరు పడి ఏరుకుంటుంటే దొరలు చూసి ముచ్చటపడేవారట. ఆ యాత్ర మొత్తంలో ఐరోపా వారు జపాన్ నుంచి ఇష్టపడి తీసుకున్న సరుకు అదొక్కటేనేమో.

1617లో రాయబారి సెవిల్ నుంచి తిరుగు ప్రయాణమయ్యాడు. బృందంలో కొందరు ఓడ ఎక్కలేదు. ఆ ఎక్కనివారే తమరి మూలపురుషులని కోరియా నమ్మకం. నమ్మదగిన కథే. తమరు ఆ ఊళ్లోనే, ఆ నది ఒడ్డునే, ఆ శతాబ్దంలోనే మొలకెత్తడానికి అంతకంటే సులభమైన కారణం నాకూ తోచదు. నా ఫిర్యాదు కథ మీద కాదు, తమరి జనన ధ్రువపత్రం మీద. రాయబారులు వచ్చిపోయిన దశాబ్దాలకు సంబంధించిన బాప్తిస్మపు పుస్తకాలు కోరియా చర్చిలో లేవు. 1660లలో పుస్తకాలు మళ్లీ తెరుచుకునే సరికి తమరు అక్కడ ఇంటి యజమాని హోదాలో, పిల్లను చంకనెత్తుకుని, నామకరణానికి హాజరై ఉన్నారు. ఎప్పుడు పుట్టారు, ఎవరు పెట్టారు, ఏ హసెకురా పక్కన ఏ చిన్న ఉద్యోగిగా నిలబడ్డారు అన్న ప్రశ్నలు అడుగుదామంటే సాక్షి లేడు. అంత పెద్ద రాయబారం గురించి స్పెయిన్‌లో, జపాన్‌లో కట్టలకొద్దీ కాగితాలు పదిలంగా ఉండి, 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకు కూడా ఎక్కగా, తమరికి కావలసిన పుస్తకమే పోవడం చూస్తే, పాత కాగితాలకూ వ్యంగ్యం తెలుసుననిపిస్తుంది.

లేని పుస్తకంలో ఏముండేదో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. మాట తెలియని మనిషి ఎదుట నిలబడి తన పేరు చెబుతాడు. రాసేవాడికి అది పలకదు, మళ్లీ అడిగితే మళ్లీ అంతే. వెనక వరసలో ఇంకా జనం ఉన్నారు, మధ్యాహ్నం ఎండ దక్షిణ స్పెయిన్‌లోని అందాలూసియాది. ఏ దేశంవాడో అందరికీ తెలిసిందే కనుక ఆ ముక్క రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లేశాడు. నా ఊహే నిజమైతే తమరు వంశగౌరవం నుంచి కాక ఒక గుమాస్తా విసుగు నుంచి పుట్టారు. ఇందులో చిన్నతనమేమీ లేదు. ప్రపంచంలో ఘనమైన ఇంటిపేర్లు చాలా వాటి పుట్టుక ఇంతే, కాకపోతే వాటికి సింహం బొమ్మ అడ్డుంది.

ఇక రెండో సందేహం. ఐరోపా దాకా వచ్చిన ఆ బృందంలో ముప్పై మంది అటూ ఇటుగా ఉన్నారు. వారిలో కత్తి కట్టినవారితోపాటు సామాన్లు మోసేవారు, సేవకులు కూడా ఉన్నారు. కానీ తమరిని ధరించినవారి గురించి వచ్చిన ఏ పత్రికా కథనం చూసినా శీర్షికలో సమురాయ్ సంతతి అనే ఉంటుంది. నాలుగు శతాబ్దాల వంశవృక్షంలో ఒక్క వంటవాడూ లేడు, బట్టలుతికినవాడూ లేడు. ఆలోచించండి: ప్రభువు కొలువు, జీతం, భూమి, ఎదురుచూసే ఇల్లు ఉన్న సమురాయ్ పరాయి రేవులో ఎందుకు ఆగిపోతాడు? ఆగిపోవడానికి బోలెడు కారణాలున్నవాడు సామాన్లు మోసినవాడే. నది ఒడ్డున చేపలు పట్టే ఊళ్లో, చేపల పులుసు బాగా వండగల ఒక మనిషికి పెళ్లి సంబంధం కుదరడమే నాకు ఎక్కువ సహజంగా కనిపిస్తోంది. సమురాయ్‌ని కాదనను. వంటవాడికి కూడా గోడ మీద ఒక పటం కట్టించమని మాత్రమే అంటున్నాను.

తమరి తరఫు సాక్ష్యాలు కూడా విన్నాను. కోరియాలో కొందరు పసివాళ్లకు పుట్టుకతో వీపు కింద నీలిమచ్చ ఉంటుందని, అది ఆసియా రక్తానికి గుర్తని అంటారు. ఆ ప్రాంతంలో నారు పోసి వరి నాటే పద్ధతి జపాను వారు నేర్పినదేనని కూడా అంటారు. గ్వాదల్కివీర్ చిత్తడి నేలల్లో వరి పెద్ద ఎత్తున పండటం 20వ శతాబ్దపు ముచ్చట కనుక, ఆ గురువులు మూడు వందల ఏళ్లు నారుమడి పక్కన ఓపిగ్గా కూర్చున్నారని అనుకోవాలి. 2013లో జపాన్ నుంచి పరిశోధకులు వచ్చి డీఎన్ఏ పరీక్షల కోసం నమూనాలు తీసుకువెళ్లారు. ఆ పరీక్షల వల్ల తమరి ఊరి కథలో ఒక్క వాక్యమూ మారలేదు.

నాకు నిజంగా తమరి మీద జాలి కలిగే ఘట్టం వేరే ఉంది. రాయబారి స్పెయిన్‌కు చేరిన ఏడాదే, 1614లో, జపాన్‌లో క్రైస్తవాన్ని నిషేధించారు. హసెకురా 1620లో ఇల్లు చేరేసరికి అతడు సంపాదించుకొచ్చిన మతమే అతడి ఇంటికి ముప్పయింది, రెండేళ్లకు కన్నుమూశాడు. దొంగచాటుగా జపాన్‌కు తిరిగివెళ్లిన సొతేలోను 1624లో సజీవంగా కాల్చేశారు. ఇంట్లో క్రైస్తవ సేవకులున్నారన్న నేరానికి 1640లో హసెకురా కొడుకుకు మరణశిక్ష పడింది, ఆ వంశపు హోదాను కొంతకాలం రద్దు చేశారు. బయటికి వెళ్లిన జపాను వారెవరైనా తిరిగివస్తే మరణదండన అని 1635లో జపాన్‌ను ఏలే సేనాధిపతి షోగన్ శాసనమే వెలువడింది. అంటే, తమరు కోరియాలో గర్వంగా జపాన్ అని సంతకం చేస్తున్న రోజుల్లో, తమరిని చూస్తే తల తీయించే దేశం ప్రపంచం మొత్తంలో ఒక్క జపానే. రాయబారి పేరును అతడి దేశం ఎంత మరిచిపోయిందంటే, 1873లో ఇవాకురా నాయకత్వాన ఐరోపా వచ్చిన జపాన్ ప్రతినిధులు వెనిస్ పత్రాలయంలో హసెకురా సంతకం చూసి, తమకంటే ముందు ఎవరో వచ్చిపోయారా అని ఆశ్చర్యపోయారు.

తరువాత కాలం తిరిగింది. ఇప్పుడు తమరి నది ఒడ్డున హసెకురా విగ్రహం సెందాయ్ వైపు నుంచి వచ్చిన కానుకగా నిలబడి ఉంది. 2013 జూన్‌లో అప్పటి యువరాజు నరుహితో స్వయంగా కోరియాకు వచ్చి చెర్రీ మొక్క నాటారు. ఓడెక్కని వారి కోసం రాజకుటుంబమే విమానమెక్కి రావడం ఎంత భాగ్యమో తమరికి వేరే చెప్పాలా. కర్మం కొద్దీ సొంత ఊరికి తిరిగివెళ్లిన రాయబారికి ఈ మర్యాద బతికుండగా దక్కలేదు.

చివరగా తమరి వ్యాప్తి గురించి. స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు. ఆనవాయితీ ప్రకారం తండ్రిది ముందు, తల్లిది వెనుక. వెనుక కూర్చున్న పేరు మనవల తరానికి బండి దిగిపోతుంది. ఈ లెక్కన కూతుళ్లు ఎక్కువగా పుట్టిన ఇళ్లలో తమరు ఎప్పుడో అంతరించవలసింది. 1999 నాటి చట్టంతో దంపతులు ఇద్దరూ ఒప్పుకుంటే తల్లి పేరును ముందుకు తెచ్చుకునే వీలు వచ్చింది. 2017 నుంచి తండ్రి పేరే ముందుండాలన్న లెక్క కూడా పోయింది. తమరు ఇన్నాళ్లూ కొడుకుల మీద ఆధారపడి బతికారు, ఇకనైనా కూతుళ్లకు కృతజ్ఞతగా ఉండండి.

ఇంకొక చుట్టరికం గురించి తమరి ఊళ్లో ఎవరూ పెద్దగా ఎత్తరు. దక్షిణ ఈక్వడార్‌లోని లోహా రాష్ట్రంలో, ఆండీస్ కొండల మీద నివసించే సరగురో ఆదివాసుల్లో కూడా హపోన్ అనే ఇంటిపేరు ఉంది. నల్లని దుస్తులు వేసుకుని, మగవారు సైతం పొడవాటి జడ అల్లుకుని, పశువులు మేపుకుంటూ బతికే జనం. హసెకురా ఓడ ఆ తీరానికి పోలేదు, కనుక అక్కడ ఏ సమురాయ్‌నీ నిలబెట్టలేరు. పైగా వారిలో కొందరు ఈ మధ్య దశాబ్దాల్లో పొట్టచేతపట్టుకుని స్పెయిన్ వచ్చి, తమరి అందాలూసియాలోనే, అల్మేరియా దగ్గర వేరా పట్టణం చుట్టుపక్కల పొలాల్లో కూలిపని చేసుకుంటున్నారు. ఒకే రాష్ట్రంలో, బస్సులో పోయిరాగల దూరంలో, ఒకే అక్షరాలతో సంతకం చేసే రెండు జాతులున్నాయి. ఒకరికి విగ్రహం, చెర్రీ చెట్టు, యువరాజు. మరొకరికి నివాస అనుమతి కోసం దరఖాస్తు ఫారం. రాబోయే ఆగస్టులో తమరు నది మీద జపాను పద్ధతిలో దీపాలు వదిలేటప్పుడు వేరా వారికి కూడా ఒక ఆహ్వానం పంపండి. చిరునామాలో ఇంటిపేరు ఎలా రాయాలన్న బెంగ మాత్రం ఉండదు.

ఇట్లు,
హసెకురా లాగానే ఇంటిపేరు ముందు, పేరు తరువాత రాసుకునే ఒక తెలుగువాడు