మీటల ఫోను గారికి, విశాఖ నుంచి

విశాఖపట్నం,
ఆదివారం, మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ.

మహారాజశ్రీ మీటల బిజినెస్ ఫోను గారి దివ్య సముఖమునకు, పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరెన్స్ ఆఫీసులో గుమస్తాగిరీ వెలగబెడుతున్న పాత భక్తుడు నమస్కరించి రాయునది ఏమనగా.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మొన్న జగదాంబ జంక్షన్ దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ షాపు అద్దాల బీరువాలో కళ్లారా చూశాను. ఇయర్‌ఫోన్ల చిక్కుముడికీ, బెల్టు తెగిన స్మార్ట్ వాచీకీ మధ్య రిటైరైన కలెక్టరు గారిలా హుందాగా కూర్చున్నారు. షాపు కుర్రాడు ఆరున్నర వేలు చెప్పాడు. "ఇది బిజినెస్ క్లాస్ సార్, అందరూ వాడేది కాదు" అని ఒక మాట కూడా విసిరాడు. ఆ మాటకే నా చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది. అతి కష్టం మీద బయటికి తీశాను. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. కొనాలా, మానాలా? మా ఆవిణ్ణి అడిగితే సమాధానం తెలుసు కాబట్టి తమరినే అడుగుతున్నాను.

తమరిది మామూలు వంశం కాదు. ఒక శాఖ కెనడాలోని వాటర్లూలో 1999లో పేజరుగా పుట్టి బ్లాక్‌బెర్రీ అయింది. ఇంకో శాఖ ఫిన్లాండులో నోకియా వారింట ఈ71 లాంటి బిడ్డల్ని కన్నది. 2009లో ఒబామా అంతటివాడు శ్వేతసౌధానికి వెళ్తూ కూడా తన బ్లాక్‌బెర్రీని వదలనని పట్టుబట్టి నెగ్గించుకున్నాడు. సరిగ్గా ఆ ఏడాదే మా ఆఫీసు నా చేతిలోనూ ఒక మీటల ఫోను పెట్టింది. ఏ శాఖవారో చెప్పను, పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదంటారు. నాకూ అమెరికా అధ్యక్షుడికీ అంతకుముందూ ఆ తర్వాతా ఏ పోలికా లేదు కాబట్టి, ఆ ఒక్క పోలికతోనే పదేళ్లు బతికేశాను.

2010లో బ్లాక్‌బెర్రీ సందేశాలు చదివే వీలు మాకూ ఉండాలని కేంద్ర ప్రభుత్వం ఆగస్టు 31 దాకా గడువు పెట్టింది. లేకపోతే సేవలు ఆపేస్తామంది. పేపర్లో అది చదివి నేను కూడా రెండు రోజులు గంభీరంగా తిరిగాను, నా మెయిళ్లలో దేశ రహస్యాలున్నట్టు. ఉన్నదల్లా "ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్". ఆ తర్వాత పది నిమిషాలకి "సారీ, అటాచ్‌మెంట్ మర్చిపోయాను".

ఇక తమరి నెత్తి మీది ఆ చిన్న లైటు సంగతి. మెయిల్ వస్తే చాలు, మినుకు మినుకు. సింహాచలం కొండ మీద మా మరదలి పెళ్లి. జీలకర్ర బెల్లం వేళ. అందరి చేతుల్లో అక్షింతలు. తమరు నా జేబులో వణికారు. ఎడం చేత్తో తీసి, "ఓకే సార్, విల్ డూ" అని కొట్టేలోపు కుడి చేతిలోని అక్షింతలు సగం తమరి మీదే పడ్డాయి. ఒక గింజ జి మీటకీ హెచ్ మీటకీ మధ్య ఇరుక్కుంది. గుండుసూదితో తీశాను గానీ, ఆ పసుపు మాత్రం ఏడాది పాటు పోలేదు. ఆ లెక్కన మా మరదలి మొగుడికంటే ముందు ఆశీర్వాదం అందుకున్నది తమరే.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. చెట్లు పడిపోయాయి, కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అప్పటికి నా దగ్గరున్నది మీవాళ్లలో రెండోవారు. వెనక మూత తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు కాబట్టి స్పేర్ బ్యాటరీ ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచుకున్నాను. వీధిలో వాళ్ల ఫోన్లన్నీ చచ్చిపోయాక నాది ఒక్కటే బతికుంది. ఆ గర్వం చెప్పలేను. నాలుగో రోజు డాబా ఎక్కి చెయ్యి పైకెత్తితే ఒక్క గీత సిగ్నల్ దొరికింది, లైటు మినుకుమంది. ఊళ్లో ఉన్న అమ్మేమో అనుకుని గబగబా తీశాను. హెడ్డాఫీసు. "శనివారం పంపాల్సిన రిపోర్టు ఇంకా అందలేదు."

అంటే ఇంతకాలం తమరిని నేను హోదా అనుకున్నాను. మా ఆఫీసు మాత్రం మెళ్లో గంట కట్టామనుకుంది.

అలాగని అన్యాయంగా మాట్లాడను. తమరి మీటల్లో ఉన్న మజా వేరు. ఒక్కో మీట కింద చిన్న లోహపు బుడిపె ఉంటుంది. నొక్కితే టిక్కుమని అణిగి, వదిలితే లేస్తుంది. మీట పైభాగాన్ని కాస్త ఏటవాలుగా చెక్కుతారు, అందుకే బొటనవేలికి ఏది ఎక్కడుందో చూడకుండానే తెలిసిపోతుంది. టచ్ ఫోనులో ఉన్నది ఒట్టి గాజు. వేలు ఎక్కడ పడిందో అదే ఊహించుకుంటుంది, ఏ మాట కావాలో కూడా అదే తేల్చేస్తుంది. మేనమామలు కుదిర్చిన సంబంధంలా, మనం ఒకటనుకుంటే ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

మామూలు మాటలకైతే సర్దుకోవచ్చు. నా బతుకంతా కంటైనర్ నంబర్లు. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. ఆ ఏడో అంకెని ముందున్న పదింటి నుంచి లెక్కకట్టి పెడతారు, ఎక్కడైనా తప్పు కొడితే దొరికిపోవడానికి. ఇలాంటి నంబరు ఏ డిక్షనరీలోనూ ఉండదు కాబట్టి టచ్ ఫోను కంగారు పడుతుంది. కాన్వెంట్ జంక్షన్‌లో లారీ పక్కన, మే నెల ఉక్కలో, చెమట వేళ్లతో నేను నంబరు కొడుతుంటే అది దాన్ని అందమైన ఇంగ్లీషు మాటగా మార్చి పంపేస్తుంది. అవతల డ్రైవరు ఫోన్ చేసి, "సార్, కంటైనర్ నంబరు అడిగితే గుడ్ మార్నింగ్ పెట్టారేటి?" అంటాడు.

అందుకే మొన్న షాపులో తమరిని చేతిలోకి తీసుకుని అదే పరీక్ష పెట్టాను. డబ్ల్యూ, ఈ, ఆర్ మీటల మీద 1, 2, 3. కింద ఎస్, డీ, ఎఫ్ మీద 4, 5, 6. ఆ కింద జెడ్, ఎక్స్, సీ మీద 7, 8, 9. ఇన్నేళ్ల తర్వాత కూడా నా బొటనవేళ్లకి దారి గుర్తుంది. కుర్రాడితో బేరమాడుతూ, అతని మొహం చూస్తూనే, పదకొండూ తప్పు లేకుండా కొట్టేశాను. నిజం చెప్పాలంటే కాస్త కళ్లు చెమ్మగిల్లాయి. షాపులో ఏసీ లేదు, చెమట కూడా అయ్యుండొచ్చు.

మరి కొనెయ్యొచ్చు కదా? అక్కడే ఉంది తంటా.

ఆ బీరువాలో ఉన్నది బ్లాక్‌బెర్రీ వారి కీవన్. 2017లో మన దేశంలోకి వచ్చినప్పుడు 39,990 రూపాయలు. స్పేస్ బార్‌లోనే వేలిముద్ర చదివే ఏర్పాటు, అక్షరాల మీటలకి 52 షార్ట్‌కట్లు. నా ఉద్యోగంలో నేను చేసే పనులే 52 లేవు, అందులో సగం టీ తాగడం. తెర నాలుగున్నర అంగుళాలు. దాని మీద ఎ4 సైజు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు కాగితం, తెరిస్తే చీమలబారు. టచ్ ఫోనులో టైపింగ్ అయిపోగానే కీబోర్డు మర్యాదగా లోపలికి వెళ్లిపోతుంది. తమరి మీటలు మాత్రం భోజనాలయ్యాక కూడా లేవని చుట్టంలా మూడోవంతు చోటు పట్టుకుని కూర్చుంటాయి.

పైగా ఆండ్రాయిడ్ 8 దగ్గరే తమరి చదువు ఆగిపోయింది. బ్లాక్‌బెర్రీ పేరుతో ఫోన్లు చేసిన టీసీఎల్ కంపెనీ వారి ఒప్పందం 2020 ఆగస్టు 31తో ముగిసింది. పాత సొంత సాఫ్ట్‌వేరుతో నడిచిన పెద్దలకి 2022 జనవరి 4న కంపెనీయే సేవలు ఆపేసింది. భద్రతకి మారుపేరని చెప్పుకున్న వంశం కదా, ఇప్పుడు నా బ్యాంకు ఖాతా తమరి చేతిలో పెట్టమంటే, తాళం పోయిన బీరువాకి ఇనుము గట్టిదని మెచ్చుకున్నట్టుంటుంది. కొత్తవాళ్లూ లేకపోలేదు. యూనిహెర్ట్జ్ వారి టైటాన్ ఉంది, జేబులో వేస్తే ప్యాంటు ఒక పక్కకి జారుతుంది. 2024లో క్లిక్స్ అని ఐఫోనుకి కింద తగిలించే మీటల తొడుగు వచ్చింది. తగిలిస్తే ఫోను పొట్లకాయంత అవుతుంది.

ఉప్పుగాలి సంగతి తమరికి వేరే చెప్పాలా? నా రెండోవారు పోయింది దానితోనే. ముందు ఇంగ్లీషు 'ఈ' అక్షరం మీట మొరాయించింది. నెల రోజులు ఆ అక్షరం లేకుండానే మెయిళ్లు రాశాను. మా మేనేజరు అది కొత్త స్టైలు అనుకున్నాడు. తర్వాత బ్యాక్‌స్పేస్ పోయింది. అప్పటి నుంచి ఏం రాసినా ఆలోచించి రాయాల్సి వచ్చింది, ఆఫీసు ఉద్యోగికి అంతకంటే శిక్ష ఏముంటుంది.

హోదా మాట కూడా తేల్చేద్దాం. ఆ చివరి రోజుల్లోనే ఫిషింగ్ హార్బరు దగ్గర వంజరాలు బేరమాడుతూ, కాస్త అందరికీ కనబడేలాగే తమవారిని బయటికి తీశాను. చేపలమ్మే ముసలమ్మ కత్తి పక్కన పెట్టి జాలిగా చూసింది. "ఏటి బాబూ, ఇంకా బటన్ల ఫోనేనా? మా మనవడు కొత్తది కొనుక్కున్నాడు, పాత టచ్ ఫోను ఇంటికాడ ఊరికే పడుంది. ఇచ్చీమంటావా?" అంది. చేపల ధర కూడా ఇరవై రూపాయలు తగ్గించింది. పదేళ్ల బిజినెస్ క్లాస్‌లో నాకు లెక్కకి వచ్చిన లాభం ఆ ఇరవై.

అన్నిటికంటే బాధ వేరే ఉంది. తమరికి తెలుగు రాదు. ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలు చెక్కేశారు, అంతే. మనకి ఒక్క 'స్త్రీ' రాయాలంటేనే యూనికోడ్‌లో ఆరు గుర్తులు కావాలి, ఆ ఆరూ తమరి ఏ మీట మీదా కనబడవు. పదేళ్లూ అమ్మకి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపాను. అవి చదివి వినిపించడానికి ఆవిడ పక్కింటి పిల్లని పిలిచేది. "అన్నం తిన్నావా" అని నేను పంపితే, ఆ పిల్ల ఇంగ్లీషు మీడియం, "అన్నామ్ టిన్నావా" అని చదివేదట. ఇప్పుడు ఆవిడకి గాజు ఫోను కొనిచ్చాం. మైకు బొమ్మ నొక్కి రెండు నిమిషాలు మాట్లాడేస్తుంది, పంపేస్తుంది. మీటలూ లేవు, పక్కింటి పిల్లా లేదు.

అయితే తమరికి తగిన చోటే లేదా అంటే, ఉంది. మా బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి ఉంది. 2001లో నేవీ నుంచి రిటైరయ్యాక, 2002లో ఒడ్డుకెక్కించి మ్యూజియం చేశారు. ఎదురుగా టీయూ-142 విమానాన్ని 2017లో పెట్టారు. టికెట్ తీసుకుని పిల్లలు లోపలికెళ్లి మీటలన్నీ నొక్కాలని చూస్తారు, గైడు వద్దంటాడు. తమరు ఆ రెండింటి మధ్య సరిపోతారు.

ఇంతా రాసి ఏం తేల్చావంటారా? శనివారం సాయంత్రం మళ్లీ జగదాంబ వైపు పనుంది. నాలుగు వేల అయిదొందలకి దిగితే ఆలోచిస్తాను. ఫోనుగా కాదు, సిమ్ కూడా వెయ్యను. లారీ పక్కన నిలబడి కంటైనర్ నంబర్లు రాసుకోవడానికి. ఈ మాట మా ఆవిడకి చేరకుండా చూసే పూచీ తమరిది. రహస్యాలు దాచడంలో తమ వంశానికి పేరుంది కదా.

ఇట్లు,
తమరి మాజీ బొటనవేళ్లు.

తా.క.: ఈ ఉత్తరం టచ్ ఫోనులో మాట్లాడి రాయించాను. 'మీటలు' అన్న చోటల్లా 'మాటలు' అని పడింది. కూర్చుని అన్నీ దిద్దాను. ఎక్కడైనా ఒకటి మిగిలిపోతే సర్దుకోండి.