కొలోన్‌కు ఒక గంట చాలదు

వేసవి సెలవులకు ఐరోపా వెళ్లే మన కుటుంబాల చేతిలోని యాత్రా పట్టికలు చూస్తే ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. ఉదయం ఆమ్‌స్టర్‌డామ్‌లో బయలుదేరడం, దారిలో జర్మనీలోని కొలోన్ కేథడ్రల్ అనే పెద్ద చర్చి దగ్గర ఫొటో స్టాప్, రాత్రికి దక్షిణాన మరో ఊళ్లో బస. ఆ ఫొటో స్టాప్‌కు కేటాయించేది గంట. మరుగుదొడ్డి వెతుక్కోవడానికి, దాని ముందు వరుసలో నిలబడడానికి, చిల్లర నాణేలు దొరకక తిరగడానికి పావుగంట పోతుంది. బస్సు దగ్గర తలలు లెక్కపెట్టడానికి పది నిమిషాలు ముందే రమ్మంటారు. 1248లో మొదలై 1880లో పూర్తయిన కట్టడానికి మిగిలేది అరగంట. లక్షలు ఖర్చుపెట్టి అంత దూరం వెళ్లిన వారికి ఇది అన్యాయం. ఆ ఊరికి ఒక పగలంతా ఇవ్వాలన్నది మా అభిప్రాయం.

ఈ గంట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. ఐరోపా యూనియన్ నిబంధనల ప్రకారం బస్సు డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకోవాలి. ఆ నిబంధన మంచిదే, ప్రాణాలు కాపాడేదే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణానికి దిగే దారిలో ఆ విరామానికి కొలోన్ సరిగ్గా అమరుతుంది. డ్రైవర్ విశ్రాంతి సమయాన్ని ప్రయాణికుల దర్శనంగా పట్టికలో రాసి అమ్మడమే తప్పు. పైగా చిన్న అక్షరాల్లో ‘వెలుపలి నుంచి వీక్షణ’ అని ఉంటుంది. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. లోపలికి తీసుకెళ్తారా? ఎన్ని గంటలకు చేరతాం? అది ఏ వారం? మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు చిక్కు అక్కడే. కొలోన్ ప్రజలు డోమ్ అని పిలుచుకునే ఆ కేథడ్రల్ నేటికీ నిత్యం ప్రార్థనలు జరిగే గుడి. ఆదివారం మధ్యాహ్నం దాకా సందర్శకులను తిరగనివ్వరు. మిగతా రోజుల్లోనూ ప్రార్థన జరిగే వేళ గర్భగుడి వైపు దారి మూసేస్తారు. సోమవారం నగరపాలక మ్యూజియంలు చాలావరకు సెలవు. కార్నివాల్ రోజుల్లో, అంటే ఈస్టర్ ఉపవాసాలకు ముందటి గురువారం నుంచి మంగళవారం వరకు, ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. ఆ ఉత్సవం చూడదలచిన వారికి అది పండుగే, డోమ్ కోసం వెళ్లేవారికి మాత్రం అనువైన సమయం కాదు.

సొంతంగా రైల్లో వెళ్లేవారు, ముఖ్యంగా జర్మనీలో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, ఒక పొరపాటు ఎక్కువగా చేస్తుంటారు. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు జర్మన్ ఉచ్చారణలో ‘క్యోల్న్’ అని ఉంటుంది. ఆ పేరుతో పెద్ద స్టేషన్లు రెండున్నాయి. డోమ్ పక్కనే ఉన్నది ప్రధాన స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్. రైన్ నది అవతలి ఒడ్డున ఉన్నది మెస్సే డాయిట్స్. వేగంగా వెళ్లే ఐసీఈ రైళ్లు కొన్ని రెండో దానిలోనే ఆగి ముందుకు పోతాయి. టికెట్ మీద చూసుకోకపోతే ఒకరు ఇక్కడ, తీసుకెళ్లడానికి వచ్చిన వారు అక్కడ. ఇంకొకటి, పిల్లల దగ్గర ఉండే డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ప్రాంతీయ రైళ్లకే చెల్లుతుంది. ఐసీఈలో ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క.

నిజానికి డాయిట్స్‌లో దిగడమే మంచిదని మేం చెబుతాం. హౌప్ట్‌బాన్‌హోఫ్ తలుపు దాటగానే డోమ్ మీద పడినట్టుంటుంది. తల ఎంత ఎత్తినా శిఖరం కనపడదు, ఫొటోలో ఇమడదు. డాయిట్స్ ఒడ్డున నిలబడితే 157 మీటర్ల జంట గోపురాలు, వాటి ముందు నది, హోహెన్‌జోలర్న్ వంతెన కమానులు ఒకే చూపులో అందుతాయి. అక్కడి నుంచి పావుగంట నడక. వంతెన కంచె పొడవునా ప్రేమికులు వేసిన తాళాలు టన్నుల కొద్దీ వేలాడుతుంటాయి. ఈ దృశ్యం దానంతట అది మిగిలింది కాదు. 1996లో డోమ్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. డాయిట్స్ వైపు ఎత్తైన భవనాలు తలపెట్టగానే 2004లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది. నగరం ఆ ఎత్తులను తగ్గించుకున్నాకే, 2006లో, జాబితా నుంచి తొలగించింది. గుడి గోడను ఎవరూ తాకలేదు, నదికి అవతల కట్టబోయిన భవనాల గురించే ఆ వివాదమంతా. రామప్ప గుడికి 2021లో అదే హోదా తెచ్చుకున్న మనం గుర్తుంచుకోవలసిన విషయమిది.

గోపురం ఎక్కదలచినవారు ఉదయాన్నే, గుడి లోపలికి వెళ్లకముందే ఎక్కాలి. దారి దక్షిణ గోపురం పక్కన, నేల అడుగు నుంచి, వేరే టికెట్‌తో ఉంటుంది. పునాదిని తొలిచి వేసిన ఆ మార్గంలోనే ఒక్క క్షణం ఆగి రాళ్ల మందం చూడాలి. అంత ఎత్తును మోస్తున్నదేమిటో అక్కడ అర్థమవుతుంది. తర్వాత 533 మెట్లు. లిఫ్టు లేదు. ఎక్కేవారూ దిగేవారూ ఒకే ఇరుకు చుట్టుమెట్ల మీద ఒకరినొకరు ఒరుసుకుంటూ సాగాలి. పెద్ద సంచీ భుజాన వేసుకున్నవారు ఎదురైతే ఇద్దరికీ కష్టమే. మెట్లు అరిగి ఉంటాయి, చెప్పులతో వద్దు, చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు, మూసిన చోట ఊపిరాడని భయం ఉన్నవారు ప్రయత్నించకపోవడమే మేలు, సగంలో వెనక్కి తిరగడం కూడా తేలిక కాదు. ఎక్కి దిగడానికి గంట పెట్టుకోవాలి. దారిలో సుమారు 53 మీటర్ల ఎత్తున, దాదాపు మన మెదక్ చర్చి శిఖరమంత ఎత్తున, గంటల గది వస్తుంది. 1923లో పోతపోసిన 24 టన్నుల సెయింట్ పీటర్ గంట అక్కడ ఉంది. ఊరివాళ్లు దాన్ని ముద్దుగా ‘డిక్కర్ పిట్టర్’, అంటే లావు పీటర్ అంటారు. దాన్ని పెద్ద పండుగలకే మోగిస్తారు. 2011 జనవరి 6న మోగుతుండగా దాని నాలుక విరిగి కింద పడింది. ఇంటి పెద్దలతో వెళ్లేవారు మెట్లు వదిలేసి డాయిట్స్‌లోని ట్రయాంగిల్ భవనం పైకి లిఫ్టులో వెళ్లవచ్చు. 103 మీటర్ల ఎత్తు నుంచి నగరంతోపాటు డోమ్ కూడా కనిపిస్తుంది. డోమ్ గోపురం ఎక్కినవారికి డోమ్ కనపడదు కదా.

గుడి లోపల మగవాళ్లు టోపీ తీయాలి. మన గుళ్లలో చెప్పులు విడవడం ఎలాగో అక్కడ అది అలాగ. సూట్‌కేసులతో రానివ్వరు, స్టేషన్ లాకర్లో పెట్టి రావాలి. ఎర్ర అంగీ తొడుక్కున్న గుడి సేవకులు మెల్లగా మాట్లాడమని సైగ చేస్తారు. వారి మాట వినాలి.

అక్కడ చూడవలసిన వాటిలో మొదటిది ఆ గుడి కట్టడానికి కారణమైన పెట్టె. బైబిలు చెప్పిన తూర్పు దేశపు జ్ఞానుల అస్థికలంటూ 1164లో మిలాన్ నుంచి ఆర్చిబిషప్ రైనాల్డ్ తీసుకొచ్చినవి అందులో ఉన్నాయి. వెర్డన్ వాసి, స్వర్ణకారుడు నికోలస్ పనితనం ప్రధానంగా కనిపించే ఆ పెట్టె పొడవు 220 సెంటీమీటర్లు, ఎత్తు 153. మధ్యయుగపు అస్థికల పేటికల్లో ఐరోపాలో ఇంత పెద్దది మరొకటి లేదు. దానికోసం వచ్చే యాత్రికులకు పాత గుడి సరిపోలేదు. కొత్తదానికి 1248 ఆగస్టు 15న శంకుస్థాపన చేశారు. గర్భగుడి భాగం 1322లో పూర్తయింది. ఆ తర్వాత పని నెమ్మదించి, పదహారో శతాబ్దంలో పూర్తిగా ఆగిపోయింది. సగం కట్టిన దక్షిణ గోపురం మీద చెక్క క్రేన్ ఒకటి 1868 దాకా అలాగే నిలిచి ఉంది. మూడు వందల ఏళ్ల ఊరి చిత్రాలన్నిటిలో ఆ క్రేనే గుర్తు. పోయిందనుకున్న పాత ముఖద్వారపు నమూనా తోలుకాగితం సగం డార్మ్‌స్టాట్‌లో, సగం పారిస్‌లో దొరికింది. 1842లో పని మళ్లీ మొదలై 1880లో ముగిసింది. మనం ఫొటో తీసుకునే జంట గోపురాల్లో పై భాగమంతా పందొమ్మిదో శతాబ్దపు పని, అదీ మధ్యయుగపు గీత ప్రకారం చేసింది. 

రాయి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగే ప్రశ్న, ఇది ఇంత నల్లగా ఎందుకుంది అని. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల మంటకు మాడిపోయిందని కొందరు చెబుతారు. అది సరికాదు. మధ్యయుగంలో వాడింది రైన్ ఎగువన డ్రాఖెన్‌ఫెల్స్ కొండ రాయి. పందొమ్మిదో శతాబ్దంలో కొన్ని భాగాలకు ష్లైట్‌డోర్ఫ్ ఇసుకరాయి తెచ్చారు. ఆ ఇసుకరేణువులను పట్టి ఉంచేది సున్నపు పదార్థం. పక్కనే స్టేషన్, బొగ్గు ఇంజన్లు, చుట్టూ ఫ్యాక్టరీలు. పొగలోని గంధకం వాననీటితో కలిసి ఆమ్లంగా మారి సున్నాన్ని జిప్సం చేసింది. జిప్సం ఉబ్బి పైపొర పెచ్చులుగా ఊడింది, మిగిలిన చోట మసి గట్టిపడింది. అందుకే పరంజా లేని డోమ్‌ను ఎవరూ చూసి ఉండరు. గుడికి సొంత రాతిపని శాల ఉంది. అక్కడి శిల్పులు, అద్దాల పనివారు, కమ్మర్లు, వడ్రంగులు ఏడాది పొడవునా మరమ్మతులు చేస్తూనే ఉంటారు. ఆ ఖర్చులో సగానికి పైగా భరించేది 1842లో పుట్టిన పౌరుల సంఘం. ఫొటోకు పరంజా అడ్డొచ్చిందని విసుక్కునే యాత్రికులు ఇది గమనించాలి, ఆ పరంజా తీసేస్తే ఫొటో తీయడానికి గుడి ఉండదు.

యుద్ధంలో డోమ్ మీద 14 పెద్ద బాంబులు పడ్డాయి. కప్పుకు పందొమ్మిదో శతాబ్దంలో ఇనుప చట్రం వేయడం వల్ల అంటుకుని కూలిపోలేదు. చుట్టూ ఉన్న ఊరు దాదాపు నేలమట్టమైంది. కాబట్టి నది ఒడ్డున రంగురంగుల ఇళ్లను చూపించి మధ్యయుగపు పట్టణమని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. వాటిలో ఎక్కువ భాగం యుద్ధం తర్వాత పాత రూపంలో తిరిగి కట్టుకున్నవి. డోమ్ కన్నా పాతవైన, రోమనెస్క్ అనే మధ్యయుగపు శైలి చర్చిలు పన్నెండు ఉన్నాయి, వాటినీ అలాగే రాయి రాయి పేర్చి నిలబెట్టుకున్నారు. మధ్యాహ్నం తర్వాత కనీసం రెండు చూడాలి. పది పలకల గదితో సెయింట్ గెరియోన్, పదకొండో శతాబ్దపు చెక్క తలుపులున్న సెయింట్ మరియా ఇమ్ కాపిటోల్. ఇవి మధ్యలో మూసి తెరుస్తుంటారు, వేళలు ముందుగా చూసుకోవాలి. ఊరి కింద రోమన్ ఊరు ఉంది. కొలోనియా అన్న లాటిన్ మాటే కొలోన్ అయింది. జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డతో వేసే ఓడికొలోన్ మన ఇళ్లకు వచ్చింది ఈ ఊరి పేరుతోనే. ఫరీనా అనే ఇటలీ కుటుంబం 1709లో ఇక్కడ ఆ వ్యాపారం పెట్టింది.

శాకాహారులకు ఒక మాట. ఇక్కడి భోజనశాలల్లో ‘హాల్వర్ హాన్’ అని ఉంటుంది. మాటకు అర్థం సగం కోడిపుంజు. నిజానికి వచ్చేది రై పిండి రొట్టె, చీజ్, ఆవపిండి ముద్ద, ఉల్లిపాయ. ‘హిమ్మెల్ ఉన్ ఎర్డ్’ పేరు వింటే ఆకాశం, భూమి. ఆపిల్, బంగాళదుంప అని చెబుతారు, పైన మాత్రం రక్తంతో చేసిన సాసేజ్ ఉంటుంది. ‘రీవ్‌కూఖె’ అంటే తురిమిన బంగాళదుంప అట్టు, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. అందులో కోడిగుడ్డు ఉంటుందని గుర్తుంచుకోవాలి. బీరు తాగేవారికి 200 మిల్లీలీటర్ల గ్లాసు ఖాళీ కాగానే అడగకుండానే మరొకటి పెడతారు; చాలనుకుంటే గ్లాసు మీద అట్టముక్క మూత పెట్టాలి.

ఇప్పటికే డబ్బు కట్టేసి, చేతిలో గంట మాత్రమే ఉన్నవారి సంగతేమిటి? చౌరస్తాలో ఫొటోల కోసం ఆగవద్దు. సంతకం పెట్టమంటూ అట్ట చాచేవారి దగ్గరా ఆగవద్దు, ఆ సందులో జేబు పోతుంది. నేరుగా లోపలికి వెళ్లి ఎడమవైపు నడవండి. గర్భగుడి చుట్టు దారి మొదట్లో గెరో శిలువ ఉంటుంది. పదో శతాబ్దపు ఓక్ చెక్క, మనిషంత విగ్రహం, తల వాల్చి ప్రాణం విడిచిన దేహం బరువు ఆ పొట్టలో, భుజాల్లో కనిపిస్తుంది. అక్కడ అయిదు నిమిషాలు. ముందుకు వెళ్తే జ్ఞానుల పేటిక. చుట్టు తిరిగి దక్షిణం వైపు వస్తే స్టెఫాన్ లోఖ్నర్ 1440లలో వేసిన చిత్రం, అందులోనూ ఆ ముగ్గురు జ్ఞానులే. తర్వాత గుడి దక్షిణపు రెక్కలో చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 2007లో రూపొందించిన కిటికీ. 72 రంగుల్లో 11 వేలకు పైగా చదరపు అద్దాలు, ఒక్క బొమ్మ లేదు. మెదక్‌లో రంగుటద్దాల కిటికీ చూసినవారికి తెలుసు, ఎండ లేకపోతే ఆ రంగులు లేవు. ఇది దక్షిణ ముఖం, ఎండ ఉన్న మధ్యాహ్నం నేల మీద, స్తంభాల మీద రంగులు పరుచుకుంటాయి. ఇక బయటికొచ్చి బస్సు వైపు నడుస్తూ దక్షిణ గోడ వెంబడి చూడండి. నల్లటి రాళ్ల మధ్య అక్కడక్కడా లేత రంగు రాయి ఒకటి కనిపిస్తుంది. అది ఈమధ్యే చెక్కి పెట్టింది.